డ్రమ్ము మూత

నీళ్ళ డ్రమ్ము మీది మూత తీసి, శుభ్రంగా తుడిచి, పాత దుప్పటిలో చుట్టుకుని స్కూలు బస్సెక్కింది డ్రాయింగ్ టీచరు. పేరుకే మూత. పెళ్ళికి ముందు ఆమె చెక్క మీద వేసుకున్న బొమ్మ అది. అందులో మనిషీ లేడు, చెట్టూ లేదు. అంతా ముదురు ఊదారంగు, మధ్యలో నిలువునా ఒక సన్నటి పసుప్పచ్చ గీత. కాపురానికి వచ్చిన కొత్తలో గోడకి తగిలిస్తానంటే, "ఇదేం బొమ్మే తల్లీ! గోడ చెమ్మెక్కిందనుకుంటారు వచ్చినవాళ్ళు" అంది అత్తగారు. మొగుడు పేపర్లోంచి తలెత్తనైనా లేదు. ఆ వారమే అది డ్రమ్ము మీదికి చేరింది, రంగు కిందికి, వట్టి చెక్క పైకి. అతికినట్టు సరిపోయిందని ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. పన్నెండేళ్ళుగా ఆ నీళ్ళే తోడి అంట్లు తోముతోంది.

ఇవాళ పదో తరగతికి ఆఖరి డ్రాయింగ్ పీరియడ్. సోమవారం నుంచి అది లెక్కల మాస్టారిది. "పరీక్షలో రానిదానికి గంటలెందుకు మేడమ్? మీరు ఫంక్షన్లప్పుడు స్టేజీ మీద పువ్వులవీ చూసుకోండి" అన్నాడు హెడ్మాస్టరు నవ్వుతూ. ఒళ్ళు మండింది. "సరే సార్" అంది. ఆ మాట అనడంలో ఆమెది అందె వేసిన చెయ్యి.

బొమ్మని బోర్డుకి ఆనించింది. "అర్థం వెతక్కండి. ఊరికే చూడండి. ఏమనిపిస్తే అది చెప్పండి." ఒక్కరంటే ఒక్కరు చూస్తే చాలనుకుంది.

"సిరా ఒలికింది టీచర్!"

"మా చెల్లి ఇంతకన్నా బాగా వేస్తుంది!"

క్లాసంతా గొల్లుమంది. ఆమె ప్రాణం ఉసూరుమంది. బెల్లు కొట్టే వేళకి చివరి బెంచీలోంచి పొడుగమ్మాయి లేచింది.

"ఆ గీత తలుపు సందులోంచి పడే వెలుతురులా ఉంది టీచర్. వేసినావిడ ఇవతలే ఉండిపోయింది."

"వేసింది ఆడమనిషేనని నీకెలా తెలుసు?"

"మా అమ్మ అలాగే నిలబడుతుంది వంటింట్లో. ఎవరు వేశారు టీచర్?"

నేనే. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ముందు బెంచీలు ఇంకా కిసుక్కుమంటూనే ఉన్నాయి.

"ఎవరో. తెలీదమ్మా."

అంత తేలిగ్గా ఎలా అనేశానా అని బస్సులో దారిపొడుగునా ఏడుపొచ్చింది.

"మూత పట్టుకుపోతే ఎలాగే? నీళ్ళల్లో బల్లి పడితే?" గుమ్మంలోనే అత్తగారు. ఆమె లోపలికెళ్ళి డ్రమ్ము మీద మూత పెట్టింది. ఈసారి రంగు పైకి పెట్టింది.

సాయంత్రం నీళ్ళు ముంచుకోడానికి వచ్చిన మొగుడు ఆగాడు. "ఇదెవరు వేశారు?"

"నేను."

"ఊఁ" అని, నీళ్ళు ముంచుకుని, మూత వేసి, తాగిన చెంబు సరిగ్గా ఆ పసుప్పచ్చ గీత మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆమె చెంబు తీసి కింద పెట్టి, తడి తుడిచింది. రేపూ పెడతాడు. రేపూ తీస్తుంది.