కోత పండుగనాటి ఖాళీ డబ్బా

నేను ఒక పాలపిండి డబ్బాను. నాలో పాలపిండి ఉన్నది మూడు నెలలే. ఆ తర్వాత ముప్పై ఏళ్లపాటు నా కడుపులో పడింది బియ్యమే. అయినా చూసినవాళ్లంతా పాలపిండి డబ్బా అనే అంటారు. మనుషుల సంగతి అంతే లెండి. పైన అతికించిన కాగితం చూసి పేరు పెడతారు గానీ మూత తీసి చూసే ఓపిక ఎవరికుంది?

ముందే చెప్పేస్తున్నాను, నాకు కుదురు తక్కువ. ఫ్యాక్టరీలో నన్ను కొట్టి, వంచి, చుట్టి, అతుకు వేసి నిలబెట్టారు గానీ నిలకడ మాత్రం పెట్టలేదు. ఎండ తగిలితే టప్పుమంటాను, చల్లబడితే మళ్లీ టప్పుమంటాను. ఇప్పుడు గుంటూరులో ఒక పాత ఇనపసామాన్ల కొట్టులో, చక్రం లేని సైకిలు మీద కూర్చుని కూడా నాకు తోచడం లేదు. ఎప్పుడు తూకంలో వేస్తారో, ఎప్పుడు కరిగిస్తారో! ఈలోగా ఒక సంగతి చెప్పేయాలి. ఇన్నాళ్లూ చెప్పకపోవడానికి కారణముంది. ఆ సంగతిలో ఉన్న ఇద్దరాడవాళ్లూ ఇప్పుడు లేరు గనుక ఇక ఎవరి పరువూ పోదు.

మొదట నేను ఒక మిషను ఆసుపత్రిలో ఉండేదాన్ని. అక్కడి నర్సమ్మ నాలోని పాలపిండి కలిపి బాలింతల పిల్లలకు పోసేది. పిండి అయిపోగానే ఆసుపత్రి ఊడ్చే రాహేలమ్మ నన్ను అడిగి పుచ్చుకుంది. ఇంటికి తీసుకెళ్లి బూడిదతో తోమి, ఎండబెట్టి, పొయ్యి పక్కనున్న గూట్లో పెట్టింది. ఆ పూట అన్నానికి బియ్యం కొలిచి, కడగబోయే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి నాలో వేసి, కళ్లు మూసుకుని ఏదో అనుకుంది. అప్పటికి నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, అది పిడికెడు బియ్యమట. ఎసరు పెట్టిన ప్రతిపూటా ఒక పిడికెడు దేవునికి తీసిపెట్టాలి. ఆదివారం గుడికి తీసుకెళ్లి బుట్టలో పోయాలి. ఆ బియ్యం దిక్కులేని ముసలివాళ్లకూ, గుడి పాస్టరు అయ్యగారి ఇంటికీ వెళతాయి.

రాహేలమ్మ పోతూపోతూ నన్ను కోడలు ఫీబమ్మ చేతిలో పెట్టి, "ఎసట్లో బియ్యం తగ్గినా ఇందులో తగ్గకూడదే" అంది. ఫీబమ్మ ఆ మాట తప్పలేదు. మిరపకాయల కోల్డ్‌స్టోరేజీలో తొడిమలు తీసే పని ఆమెది. కారం మండే చేతులతోనే రెండుపూటలా పిడికెడు వేసేది. భర్త లారీ మీద పోతే పదిహేను రోజులకు గానీ ఇల్లు చేరడు.

మంచి మనిషే ఫీబమ్మ. కానీ ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. గుడిలో దేవుడు చేసిన మేళ్లకు సాక్ష్యం చెప్పే వేళ వచ్చిందంటే అందరికంటే ముందు లేస్తుంది. పన్నునొప్పి తగ్గినా సాక్ష్యమే, తప్పిపోయిన కోడి దొరికినా సాక్ష్యమే. ఇక ప్రార్థన మొదలుపెడితే పైకప్పు రేకులు అదరాలి. అందులోనూ పక్కింటి నాగేంద్రం కోసం చేసే ప్రార్థన ప్రత్యేకం. రెండిళ్లకీ ఒకటే గోడ. ఆ గోడవైపే తిరిగి, "ప్రభువా, నాగేంద్రం గుండె రాయి, దాన్ని కరిగించు తండ్రీ" అని రోజూ పొద్దున్నే గొంతెత్తేది. అది దేవునికి వినిపించిందో లేదో గానీ నాగేంద్రానికి మాత్రం బాగా వినిపించేది. అవతలనుంచి గిన్నె విసిరిన చప్పుడు నాకు వినిపించేది.

ఈ ఇద్దరూ ఒకప్పుడు వదినా అంటే వదినా అనుకున్నవాళ్లే. రెండేళ్ల కిందట వీధి కుళాయి దగ్గర చెడింది. బుధవారం కూడికకు ఆలస్యమవుతోందని ఫీబమ్మ వరసలో ముందున్న నాగేంద్రం బిందెను పక్కకు నెట్టి తన బిందె పెట్టేసింది. ప్రార్థనకు వెళ్లే తొందరలో! నాగేంద్రం బిందె దొర్లి సొట్టపోయింది. మాటా మాటా పెరిగింది. ఆ రోజునుంచి ఉప్పూ నిప్పే.

ఆ ఏడు కోత పండుగ దగ్గరపడింది. పొలాలున్నవాళ్లు పంటలో తొలిభాగం తెస్తారు, లేనివాళ్లు పిడికెడు బియ్యం తెస్తారు. అందుకని ఆరువారాల ముందునుంచే ఆదివారాలు పోయకుండా దాచి, పండుగనాడు అందరి ఎదుటా పేరుపేరునా పిలిస్తే వచ్చి పోస్తారు. ఎవరి డబ్బా ఎంత నిండిందో ఊరంతా చూస్తుంది. ఏటా మూతికి మూత పట్టనంత నిండేది ఫీబమ్మ డబ్బాయే. ఆ ఏడు కూడా పండుగ ముందు బుధవారానికే నేను నిండిపోయాను. ఇక నా పాట్లు అడగకండి. నిండాక నాకు ఊపిరాడదు. ఎప్పుడు ఒలికిపోదామా అని కాలుకాలిన పిల్లిలా ఉండేదాన్ని.

ఆ వారమే గోడ అవతల ఒక తేడా గమనించాను. నాగేంద్రం భర్త సాంబయ్య మిర్చియార్డులో బస్తాలు మోసే హమాలీ. నడుం మీద బస్తా జారిపడి మంచమెక్కాడు. నాగేంద్రం రోజూ పొయ్యి వెలిగిస్తూనే ఉంది. పొగ వస్తూనే ఉంది. ఎసరు కళపెళా కాగడం వినిపిస్తూనే ఉంది. కానీ అందులో బియ్యం పోసిన చప్పుడు లేదు! ఏళ్ల తరబడి బియ్యంతో బతికినదాన్ని, నాకు తెలియదా? లోకం పొగ చూడాలని ఉత్త ఎసరు కాస్తోంది ఆ మానవతి. వాళ్ల చిన్నపిల్ల అడగడం వినబడేది, "ఉడికిందా అమ్మా?" అని. "ఉడుకుతాందే తల్లీ, పడుకో" అనేది నాగేంద్రం.

గురువారం పొద్దున ఆ మాట ఫీబమ్మ చెవిన కూడా పడింది. చేతిలో చాట కింద పెట్టేసి, గోడకు చెవి ఆనించి వింది. ఆమె ముఖం మారిపోయింది. వెంటనే ఏం చేసిందనుకున్నారు? మోకరించి, అలవాటు ప్రకారం గొంతెత్తి, "ప్రభువా, పక్కింటివాళ్లు పస్తున్నారు, వాళ్ల ఆకలి తీర్చు తండ్రీ" అని ప్రార్థన అందుకుంది!

అయ్యో, నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె మోకాలికి మూరెడు దూరంలో నేను నిండుగా కూర్చుని ఉన్నాను. నన్ను తట్టకుండా దేవుణ్ణి తడుతోంది. అవతల ఎసరు దించేసిన చప్పుడు. పొయ్యిలో నీళ్లు చల్లిన చప్పుడు. తన పస్తు వీధికెక్కిందని నాగేంద్రం ఇక ఉత్త పొయ్యి కూడా వెలిగించలేదు. పుండు మీద కారం చల్లడమంటే అదే.

సరిగ్గా అప్పుడే కిటికీలోంచి ఎండ పడి నేను టప్పుమన్నాను. ఇది నా గొప్ప అని చెప్పను, రేకు గుణం. ఫీబమ్మ కళ్లు తెరిచి నావైపు చూసింది. చూసి, గబుక్కున తల తిప్పుకుంది. ఆమె బాధ నాకు తెలుసు. సీజను అయిపోయి పని లేదు. కుండలో తనకున్నవి రెండు పూటల బియ్యం. నాలో ఉన్నవి దేవుడివి. వాటిని ముట్టుకుంటే పాపమేమో! పైగా ఆదివారం పేరు పిలిచినప్పుడు ఖాళీ చేతులతో నిలబడాలి. ఆ రోజంతా గూటి దగ్గరకు వచ్చింది, పోయింది, వచ్చింది, పోయింది. ఆమెతోపాటు నాకూ కాలు నిలవలేదు.

శుక్రవారం తెగించింది. నన్ను గూట్లోంచి దించింది. సంతోషం పట్టలేకపోయాను. కానీ మూత పెట్టబోతూ ఆగి, ట్రంకుపెట్టెలోంచి ఒక సువార్త కరపత్రం తీసి, నలగకుండా బియ్యం మీద పరిచింది. ఊరుకోలేదు ఆ మనిషి! నన్ను నాగేంద్రం గడపమీద పెట్టి వచ్చేసింది. కాసేపటికే నేను తిరిగి ఫీబమ్మ గడపమీద ఉన్నాను. ఒక గింజ కదల్లేదు. కరపత్రం నాలుగు మడతలు పెట్టి నా మూత కింద దోపి ఉంది. నాగేంద్రం వీధిలో పోయే కోడితో అంటున్నట్టు అంది, "గింజలు చల్లి వలేసేవాళ్లు ఎక్కువైపొయ్యారు ఈ పేటలో. పస్తుంటాం గానీ, మెతుక్కి మతం అమ్ముకోం."

ఫీబమ్మ నన్ను లోపలికి తెచ్చుకుని కూర్చుంది. ఏడ్చింది. కోపంతో ఏడ్చిందో సిగ్గుతో ఏడ్చిందో నాకు తెలియదు. ఆ సాయంత్రం మాత్రం గోడవైపు తిరగకుండా, పెదవులు మాత్రం కదుపుతూ ప్రార్థించుకుంది. ఆమె గొంతు వినబడని ప్రార్థన నేను వినడం అదే మొదటిసారి.

శనివారం పొద్దున నన్ను చంకన పెట్టుకుని నేరుగా నాగేంద్రం వాకిట్లోకి నడిచింది. నాగేంద్రం ముంగిట్లో కూర్చుని ఉంది. లేవలేదు, లేచే ఓపిక ఉన్నట్టు కూడా లేదు.

"మళ్లా ఏందమ్మా?" అంది.

"వదినా, ఆనాడు నీ బిందె నెట్టింది నేనే. తప్పు నాది. రెండేళ్లు పట్టింది ఆ మాట చెప్పడానికి" అంది ఫీబమ్మ. "రోజూ గోడకాడ నీ పేరెత్తి అరిచాను చూడు, అదీ తప్పే. ఇయ్యి బియ్యం. ఇందులో కాయితం లేదు, మాట లేదు. గుడికి రమ్మనను. ఎవురికీ చెప్పను."

"మీ దేవుడి బియ్యమంటగా అయ్యి?"

"అవును. పిల్ల ఆకలిగా ఉందని ఆయనకి తెలీదా?"

లోపలనుంచి పిల్ల వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. దాని చూపు నామీదే. నాగేంద్రం పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో నన్ను అందుకుంది. ఆరువారాల బియ్యం ఒక్కసారిగా వాళ్ల కుండలోకి దిగిపోయాయి. ఆ క్షణంలో నాకు కలిగిన సుఖం ఇక మాటల్లో చెప్పలేను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నేను కుదురుగా ఉన్నాను.

ఆదివారం మళ్లీ మొదలైంది నా గుబులు. ఫీబమ్మ ఉతికిన చీర కట్టుకుని, నన్ను చేత పట్టుకుని గుడికి వెళ్లింది. తేకుండా మానేయొచ్చుగా? పేరు పిలిచినప్పుడు లేవకపోతే అబద్ధమాడినట్టే అనుకుంది కాబోలు. గుమ్మడికాయలు, అరటిగెలలు, వడ్లబస్తాలు పెట్టి గుడంతా పండుగ చేశారు. అయ్యగారి భార్య పేర్లు పిలుస్తోంది. ఒక్కొక్కరే వచ్చి గోనెలో పోస్తున్నారు. "ఫీబమ్మ!" అనగానే అందరి తలలూ తిరిగాయి.

ఆమె వచ్చి మూత తీసి నన్ను గోనె మీద బోర్లించింది. అడుగున అంటుకున్న నాలుగు నూకలు రాలాయి.

"ఇదేందమ్మా, ఖాళీనా?" అంది అయ్యగారి భార్య, మెత్తగానే.

"ఖాళీయే అమ్మగారూ" అంది ఫీబమ్మ.

"దేవుడి బియ్యం వండుకు తిన్నట్టుంది" అని ముందు వరసలో మరియరత్నం పక్కావిడతో అంది. మెల్లగా అన్నట్టే, అందరికీ వినబడేటట్టు. కొందరు నోటికి చేతులడ్డం పెట్టుకున్నారు.

తర్వాత సాక్ష్యాల వేళ. అయ్యగారు దయగల మనిషి, ఫీబమ్మకు ఒక దారి చూపిద్దామని, "ఏమన్నా చెప్తావా తల్లీ?" అని అడిగారు. నేను ఆమె ఒళ్లో ఉన్నాను. పన్నునొప్పికి లేచిన మనిషి! కోడిపెట్టకు లేచిన మనిషి! జన్మలో ఒక్కసారి నిజంగా చెప్పుకోదగ్గ సాక్ష్యం దొరికింది ఆమెకు. చెబితే మరియరత్నం తల దించుకుంటుంది, గుడంతా స్తోత్రం అంటుంది. చెప్పు ఫీబమ్మా, చెప్పేయ్ అని నేను లోపల కొట్టుకుంటున్నాను. ఆమె లేచి నిలబడింది. నోరు తెరిచింది. నన్ను గట్టిగా పొట్టకు అదుముకుని, "ఏం లేదండీ అయ్యగారూ" అని కూర్చుంది.

మధ్యాహ్నానికల్లా ఆ సంగతి పేటంతా పాకింది. కుళాయి దగ్గర మరియరత్నం ఊరుకుంటుందా! ఫీబమ్మ గడపలో కూర్చుని నన్ను కడుగుతుంటే నాగేంద్రం వచ్చింది. రెండేళ్లలో ఆ గడప తొక్కడం అదే మొదలు.

"ఖాళీ డబ్బా తీసకెళ్లావంటగా గుడికి?"

"తీసకెళ్లా."

"అందరి ముందరా నువ్వే తినేశావన్నారంట?"

"అన్నార్లే."

"మరి నా పేరెందుకు చెప్పలా?"

ఫీబమ్మ తడిచేత్తో నన్ను తుడుస్తూనే ఉంది. నాగేంద్రం ఆమె ఎదురుగా నేలమీద చతికిలబడింది. కళ్లనుంచి బొటబొటా నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు.

"రెండేళ్లబట్టీ గోడవతల నుంచి మీ దేవుడి గురించి అరుస్తానే ఉన్నావు. ఒక్క ముక్క నాకెక్కలా. ఇప్పుడు చెప్పు వదినా, వింటా."

ఫీబమ్మ చేయి ఆగింది. ఈ మాట కోసం ఆమె ఎన్నేళ్లు మోకాళ్లు అరగదీసిందో నాకు తెలుసు. తీరా వచ్చాక, నేర్చిన వాక్యాలు గానీ, చెప్పిన సాక్ష్యాలు గానీ ఒక్కటీ నోటికి రాలేదు. చివరికి, "ముందు మీరంతా అన్నం తిన్నారా?" అని అడిగింది.

"తిన్నాం" అంది నాగేంద్రం. "ఆ సంగతే చెప్పమంటున్నా."