రెండు గింజల సందు

నా కొడుకు నవీన్ చనిపోయి ఐదు నెలలైంది. స్కూలు నుంచి రాగానే రోజూ వాడి కంప్యూటర్ తెరుస్తాను.

అందులో ఒక ఇసుక ఆట ఉంది. తెరమీద ఇసుక పోస్తే రాలుతుంది, నిప్పు పెడితే అంటుకుంటుంది, ఇనుప తీగకు కరెంటు ఇస్తే రవ్వ పరుగెత్తుతుంది. అంతా చుక్కల్లాంటి గింజలే. మిగతా పిల్లలు అందులో బాంబులు పేల్చుకుంటారు. నవీన్ ఆ గింజలతోనే తీగలు పరిచి, కూడికలు చేసే యంత్రం కట్టాడు. దాని మీద ఒక ఆట నడుస్తుంది. అటొక బ్యాటు, ఇటొక బ్యాటు, మధ్యలో బంతి. వాడి డిగ్రీ రెండో ఏడాదంతా దానికే పోయింది.

స్కోరు తొమ్మిది దాటగానే యంత్రం పేలిపోతుంది. తీగలు ఎర్రబడి తెరంతా మంట. కాపీ తెరిచి మళ్లీ ఆడతాను. మళ్లీ తొమ్మిదే. ఉదయగిరిలో ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నా అది నాకు అంతుపట్టలేదు. వాడు కట్టినది ఒక్కసారైనా పది వేయడం చూడాలి. నాకు మిగిలిన కోరిక అదొక్కటే.

ఆ యంత్రం గుట్టు తెలిసినవాడు ఇంకొకడే ఉన్నాడు, నాగేంద్రబాబు. నవీన్‌తో కలిసి దాన్ని కట్టినవాడు. ఆత్మకూరులో హాస్టల్ వెనక రాయితో నవీన్ తల పగలగొట్టినవాడూ అతనే. బెయిలు మీద ఉన్నాడు. ప్రతి సోమవారం ఆత్మకూరు స్టేషన్‌లో సంతకం పెట్టి బైకు మీద మర్రిపాడు వెళ్తాడు.

నా భార్య సుకన్య తమ్ముడు పెంచలప్రసాద్ లారీ డ్రైవరు. "వాణ్ణి నేను చూసుకుంటా బావా. నువ్వు రాబాక," అన్నాడు.

"నేను వాణ్ణి ఒకటి అడగాల," అన్నాను.

సోమవారం మధ్యాహ్నం ప్రసాద్ లారీని మర్రిపాడు రోడ్డుకు అడ్డంగా పెట్టాడు. నాగేంద్రబాబు బైకు పడింది. జాకీ రాడ్డుతో మొదటి దెబ్బ మోకాలి మీద వేశాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. జుట్టు పట్టుకుని తుమ్మచెట్ల వెనక్కి ఈడ్చుకెళ్లి, మూతి మీద తన్నాడు.

"సార్, చంపొద్దని చెప్పండి సార్!"

నేను వాడి పక్కన కూర్చున్నాను. "తొమ్మిది తర్వాత ఎందుకు పేలతా ఉండాది?"

వాడికి అర్థం కాలేదు. ప్రసాద్ రాడ్డు ఎత్తాడు. "చెప్పరా, సార్ అడగతా ఉంటే! నోట్లో ఏంది, బెల్లమా?"

"రెండో అంకె వేసే కాడ వేడి సార్. చుట్టూ మంచు పెట్టాల. నేను పెట్టినా. నవీన్ తీసేసినాడు. నా మిషన్ తాకబాకరా అని అందరి ముందర చెప్పుతో కొట్టినాడు సార్. అప్పుడే నాకు..." ఆగిపోయాడు.

చెప్పు సంగతి ఐదు నెలల్లో నాకెవరూ చెప్పలేదు.

"మంచు కరిగితే?"

"నీళ్లు తీగకి తగిలితే మళ్లా పేలతాది. కింద సందు ఇడవాల." నోటి రక్తం మోచేత్తో తుడుచుకుని, వేలితో మట్టిలో గీశాడు. అంకె గది, తీగ, మంచు. గీస్తున్నంతసేపూ వాడి గొంతులో వణుకు లేదు. బోర్డు దగ్గరికి పిలిస్తే ఇలాగే మారిపోయే పిల్లలు నాకు తెలుసు.

"సందు ఎంత?"

"రెండు గింజలు సార్. మూడైతే మంచే జారిపోతాది."

ఆ బొమ్మను కాగితం మీద ఎక్కించుకుని మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇక వదిలేస్తారనుకున్నాడేమో, వాడు బైకు వైపు చూశాడు.

"అయిందా బావా?" అన్నాడు ప్రసాద్.

వద్దనడానికి కావలసినంత సమయం ఉంది.

"అయింది," అన్నాను.

ఆరు దెబ్బలు. మూడోదానికి పుర్రె పగిలింది. ఆ తర్వాతి మూడింటికి మట్టిలోని బొమ్మ నెత్తుటితో చెరిగిపోయింది.

ఇంటికి వచ్చి చేతులు కడుక్కుని కంప్యూటర్ తెరిచాను. మంచు పరిచాను. కింద రెండు గింజల సందు వదిలాను. ఒక బ్యాటు కుడిచేత్తో, ఒకటి ఎడమచేత్తో ఆడాను. ఎనిమిది. తొమ్మిది. పది.

పేలలేదు.

ఆ పదిని నవీన్ చూడలేదు. చూపించబోయినవాణ్ణి చెప్పుతో కొట్టాడు.

పద్నాలుగు దగ్గర గేటు ముందు పోలీసు జీపు ఆగింది. సుకన్య తలుపు తీయడానికి వెళ్లింది. నేను ఆట ఆపలేదు. సందులోంచి నీళ్లు ఒక్కో గింజే కిందికి దిగుతున్నాయి.