తేదీ అడిగే మిషను

శాంతయ్య ఇంట్లో అందరికన్నా ముందు లేచేది రేడియో. దానికి తొలిబొట్టు పెట్టింది పెండ్లాం దేవకమ్మ. ఆమె పోయి ఆరేండ్లయినా, ఎవరూ తిప్పకుండానే నాలుగింటికి గొంతు సవరించుకొని, నీళ్లు కాగబెట్టే పొద్దయిందని సన్నగా రాగం తీసేది. ఆ ఇంటికి ఏ మిషను వచ్చినా అంతే. మొదట ఎవరి చేతి పసుపు కుంకుమ పడితే వాళ్ల గుణం పట్టుకొనేది.

నడవలో ఫ్యానుకు బొట్టు పెట్టింది శాంతయ్య. తమ్ముడు వెంకటముని, ఇరవైనాలుగేండ్ల కిందట కూతురికి చెవులు కుట్టించిన రోజు, సొంత అన్నను రెండో బంతిలో భోజనానికి కూర్చోబెట్టినాడు. ఆ సంగతి శాంతయ్య మరవలేదు, ఫ్యానూ మరవలేదు. తమ్ముడి తట్టు మనుషులు ఎవరు కింద కూర్చున్నా రెక్కలు నిలిచిపోయేవి. ఒకసారి కరెంటు గోవిందును పిలిపిస్తే, నిచ్చెన ఎక్కకముందే "పెద్దాయన పెట్టిన బొట్టా?" అని అడిగి, పటకారు సంచిలో వేసుకొని వెళ్లిపోయినాడు.

పందొమ్మిదివందల ఎనభై ఎనిమిదిలో, తోటలో మామిడికాయలు దిగినాక, ఆ ఇంటికి కంప్యూటరు కావాల్సి వచ్చింది. మనవరాలు మునిలక్ష్మికి తండ్రి లేడు. రేణిగుంటలో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో ఆడికృత్తిక పండగ దాటినాక పరీక్ష. కంప్యూటరు మీద పని చేసి చూపిస్తే ఉద్యోగం, లేకుంటే మళ్లీ తల్లి వసంతమ్మ పక్కన కూర్చొని అప్పడాలు ఒత్తడమే. నేర్పగలిగింది కాలేజీలో కంప్యూటర్ల గది చూసుకొనే నిర్మలమ్మ ఒక్కతే. బయటివాళ్లను ఆ గదిలోకి రానీరు. మిషను ఇంట్లో ఉంటే సాయంత్రాలు వచ్చి నేర్పుతానని ఆమే అనింది. నిర్మలమ్మ వేరెవరో కాదు, వెంకటముని కూతురు. ఆ రోజు చెవులు కుట్టించుకొన్న పిల్ల.

"తాతా, ఈసారి బొట్టు నేను పెడతా," అనింది మునిలక్ష్మి.

"మీ అవ్వ పోయినాక ఈ ఇంట్లో తొలిబొట్టు నాది. నేను సచ్చినానా?"

"నువ్వు పెడితే నిర్మలత్త కూర్చుంటే అది వెలగదు తాతా."

"వెలగకపోతే మానె!"

అన్నాడుగానీ, సగం అన్నంలోనే చెయ్యి కడుక్కున్నాడు. పంతం మొయ్యాలన్నా ఒంట్లో సత్తువ ఉండాల. డెబ్బై దాటినాక దాని బరువు ఆయనకు తెలిసొస్తా ఉండాది.

మరుసటి రోజు తాతా మనవరాలూ గాంధీ రోడ్డులో గంగాధరం అంగడికి పోయినారు. గంగాధరం రెండు మిషన్లు చూపించినాడు.

"ఈ చిన్నది టీవీకి తగిలిస్తే చాలయ్యా. దీని బుద్ధి పుట్టుకతోనే లోపల ఉంటాది. ఎవురూ మార్చలేరు."

"మనిషంటే అట్లుండాల," అన్నాడు శాంతయ్య, దాని వీపు తట్టి. "ఆ పెద్దదాని సంగతేంది?"

గంగాధరం అప్పడం మాదిరి పలచగా ఉన్న నల్లటి ఫ్లాపీ ఒకటి పైకెత్తినాడు. "దీంట్లో డాస్ ఉండాది. ఆపరేటింగ్ సిస్టం అంటారు. దినామూ ఇది పెడితేనే ఆ మిషనుకు తెలివొచ్చేది. స్విచ్చాపితే అంతా మర్చిపోతాది. మళ్లీ వేస్తే ముందు తేదీ అడుగుతాది."

"తేదీ కూడా తెలీదా? సిగ్గులేని మిషను!"

"రేణిగుంటలో ఉండేది ఇదే తాతా," అని మునిలక్ష్మి నేల చూసింది.

శాంతయ్య స్టూలు మీద కూలబడినాడు. పెద్దమిషను తట్టు వేలు చూపినాడు. "ఏమప్పా గంగాధరం, నిన్న ఎవురేమన్నారో, ఎవురు యాడ కూర్చోబెట్టినారో, ఏదీ గుర్తుండదా దీనికి?"

"ఫ్లాపీలో రాసిపెడితే తప్ప ఉండదయ్యా."

"రాయం," అన్నాడు శాంతయ్య. "పెద్దదే ఇయ్యి."

మిషను ఇల్లు చేరింది. స్విచ్చేసి, దాని నుదుట బొట్టు మాత్రం తానే పెట్టినాడు. మునిలక్ష్మి ఏం నొక్కినా పచ్చటి అక్షరాలు చకచకా వచ్చినాయి. సాయంత్రం నిర్మలమ్మ వచ్చి, "బాగుండావా పెద్నాయనా?" అని కుర్చీలో కూర్చుంది. పైన ఫ్యాను నిలిచిపోయింది. ఎదుట అక్షరాలు ఒక్కొక్కటే ఆరిపోయినాయి. మునిలక్ష్మి కండ్లలో నీళ్లు తిరిగినాయి. నిర్మలమ్మ చేతిసంచి తీసుకొని లేవబోయింది.

"కూర్చో మ్మే," అన్నాడు శాంతయ్య. ఆమెతో ఆయన ఆడిన మొదటి మాట అదే. "ఆపి, మళ్లీ వెయ్యండి."

మునిలక్ష్మి స్విచ్చాపి, వేసింది. ఫ్లాపీ గురగురమనింది. మిషను నిద్ర లేచిన బిడ్డ మాదిరి, ఈ దినం తేదీ ఎంతని అడిగింది. నిర్మలమ్మ వేళ్లు మీటల మీద పెట్టి, నొక్కకుండా పెదనాయన తట్టు చూసింది.

శాంతయ్యకు కూడబలుక్కొని చదివేంత చదువే. గోడ కేలండరు దగ్గరికి పోయి, వేలు పెట్టి వెదికి, ఆ దినం తేదీ చెప్పినాడు. నిర్మలమ్మ కొట్టింది. అక్షరాలు వచ్చి నిలబడినాయి.

ఫ్యాను మాత్రం తిరగలేదు. అది ఎన్నిసార్లు ఆపి వేసినా మర్చిపోయే రకం కాదు. గదిలో ఉక్క. శాంతయ్య దూలం సందులో దోపిన విసనకర్ర తీసి, స్టూలు లాక్కొని, నిర్మలమ్మ వెనక కూర్చొని విసరడం మొదలుపెట్టినాడు.

నెలదినాలూ సాయంత్రాలు అట్లే జరిగినాయి. ఆడికృత్తిక దాటినాక పరీక్షలో గెలిచి, మునిలక్ష్మి ఉద్యోగానికని రేణిగుంట బస్సెక్కింది. నేర్పేది ఇంకేమీ లేకపోయినా, ఆ సాయంత్రం నిర్మలమ్మ మళ్లీ వచ్చింది.

"విసిరింది చాలు పెద్నాయనా, చేతులు నొప్పి పుడతాయి."

"ఉండనీ మ్మే," అన్నాడు శాంతయ్య, చెయ్యి మార్చుకొని. "ఆ ఫ్యానుకు బొట్టు పెట్టింది నేనే కదా."