కుర్చీలో కూర్చున్నవాడి మాట

గడ్డం కింద చర్మాన్ని బొటనవేలితో లాగిపట్టి, సెలూన్ ఆయన రేజరును నెమ్మదిగా కిందికి దించాడు. ఆస్పత్రిలో తానూ రోగే అయినా, పొద్దున్నే ఆయన చేతులు ఊరుకోవు. పక్క మంచం మాస్టారు రోజూ దిండుకు చేరగిలబడి, గడ్డం ఎత్తి సిద్ధంగా ఉంటాడు. నీళ్లు స్టీలు గ్లాసులో, నురగ సబ్బుపెట్టె మూతలో, చిన్న అద్దం కిటికీ గొళ్లేనికి.

సెలూన్ ఆయన కళ్లల్లో కామెర్ల పచ్చదనం ఇంకా పూర్తిగా పోలేదు. అయినా ఆయనకు హాయిగానే ఉంది. ఇందాకే నర్సు రక్తం తీసుకెళ్లింది. కాలేయం దెబ్బతిన్నదని చెప్పే అంకెలూ, లోపలి వాపును చెప్పే అంకె కూడా దిగితే ఈరోజే ఇంటికి.

కొట్టులో ఆయనది ఒకటే ధర్మం: కుర్చీలో కూర్చున్నవాడి మాట కాదనకూడదు. రాజకీయాలైనా అంతే, అల్లుడి మీద చాడీలైనా అంతే. ఏళ్లతరబడి చెయ్యి ఎత్తి పనిచేసి భుజం పట్టేసినప్పుడు, కుర్చీ ఎక్కిన ప్రతివాడూ వైద్యుడైపోయాడు. లారీ డ్రైవరు ఒక మాత్ర ఇచ్చాడు, గుమాస్తా ఇంకోటి, కూరగాయలాయన మరోటి. పాపం, ప్రేమగా ఇచ్చారు కదా అని రోజూ అన్నీ మింగాడు. పేర్లే వేరు, లోపలి మందు ఒకటే.

"మొహమాటానికి పోతే కాలేయం పోయిందట," అంది భార్య ఆస్పత్రిలో చేర్చిన రోజు. ఏడుస్తూ కూడా దెప్పగలదు ఆవిడ. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. "ఇంకోసారి ఇలా చేస్తే మా చేతుల్లో ఏమీ ఉండదు," అంది.

గడ్డం పని అయ్యాక ఆయన భుజం రుద్దుకోవడం మాస్టారు చూశాడు.

"నొప్పా? మా అమ్మాయి తెచ్చిన మాత్ర ఉంది. వేసుకో, చిటికెలో పోతుంది."

సెలూన్ ఆయన చెయ్యి దానంతటదే ముందుకెళ్లింది. మాత్ర జేబులో పడింది.

మధ్యాహ్నం డాక్టరమ్మ వచ్చింది. "వాపు బాగా దిగింది. మిగతావీ దారిలో పడుతున్నాయి. ఇంటికెళ్లొచ్చు. నన్నడక్కుండా ఏ మాత్రా వద్దు."

భార్య సంతోషంగా బట్టలు మడతపెడుతూ చొక్కా జేబులో చెయ్యిపెట్టింది. మాత్రను తీసి అరచేతిలో పెట్టుకుని చూసింది. ఈసారి దెప్పలేదు. ఆయనకు భయమేసింది.

"అందరి మాటా వింటారు," అంది మెల్లగా. "నేనెప్పుడూ మీ కుర్చీలో కూర్చోలేదుగా, అందుకా?"

ఆ మాట ఆయనకు సూటిగా తగిలింది. మాత్ర అందుకుని మాస్టారు మంచం దగ్గరికి నడిచాడు. నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"మాస్టారూ, ఏమీ అనుకోకండి. నాకిది... వద్దండీ."

మాస్టారు నున్నటి చెంప తడుముకుంటూ ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"వద్దంటే మానెయ్. దానికింత చెమటలెందుకయ్యా?"

ముగ్గురూ నవ్వారు. ఇంత తేలికా అనుకున్నాడు సెలూన్ ఆయన. ముప్పై ఏళ్లుగా దాచుకున్న మాట ఒకటి ఒంట్లోంచి దిగిపోయినట్టనిపించింది. భార్య సంచీ అందుకుంది. ఆయన లాక్కోబోతే, "భుజం జాగ్రత్త," అంటూ ముందు నడిచింది. ఇద్దరూ మెట్లు దిగి వెళ్లిపోయారు.

మాస్టారి కోసం వదిలేసిన అద్దం గాలికి కొంచెం కొంచెంగా ఊగుతోంది. దాని కింద, కిటికీ గట్టు మీద, ఆయన తిరిగిచ్చేసిన మాత్ర, రేకు చింపకుండానే.