క్యారేజీ తగిలించిన పిడి

నేను ఒక చేతిపిడిని. విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో, గుండె పని చేసిపెట్టే యంత్రం నడుముకు తగిలించి ఉంటాను. గుండె నీరసించి నెత్తురు నెట్టలేకపోతే, ఆ యంత్రం ఒంట్లోని నెత్తురు గొట్టంలోకి లాక్కుని, గాలి పట్టించి, మళ్ళీ ఒంట్లోకి నెడుతుంది. మోటారు ఆగితే నన్ను చేత్తో తిప్పాలి. నా పుట్టుక అందుకే.

పుట్టింది ఎక్కడో చలిదేశంలో. మొదట చెన్నైలో పనిచేశాం. పని యంత్రానిది. నా మీద తువ్వాళ్ళు ఆరేసేవారు. అక్కడ కొత్త యంత్రం రాగానే మమ్మల్ని ఇక్కడికి అమ్మేశారు. ఇక్కడ యంత్రం నడిపే రత్నం నాకు అన్నం క్యారేజీ తగిలించేది. మనుషులు అంతే. అవసరం పడని దాన్ని చిలక్కొయ్య చేసేస్తారు.

ఒక ఏడు ఆయుధపూజకి వార్డు మనిషి అప్పలకొండ యంత్రాన్ని తుడిచి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశాడు. ముందురోజే సీరియల్ బల్బులు కట్టాడు. వాటికి ప్లగ్గు కావాలి గదా. యంత్రం ప్లగ్గు పీకి అక్కడ వాటిది పెట్టాడు. దేవుడిలా కొలిచారు, కరెంటు మేత మాత్రం మాన్పించారు. పాత బ్యాటరీ లోలోపల ఎండిపోయింది.

పూజ అయిన మధ్యాహ్నమే సూరిబాబుని తెచ్చారు. ఆర్టీసీ కండక్టరు. గుండెపోటు. కింద గదిలో గొట్టాలు వేసి, గోడ కరెంటు మీద యంత్రం నడిపారు. తర్వాత ప్లగ్గు పీకి, బ్యాటరీని నమ్ముకుని, రత్నం, అప్పలకొండ కలిసి సూరిబాబునీ మమ్మల్నీ పై అంతస్తుకని లిఫ్టులోకి తోశారు. చోటు చాలక డాక్టరు మెట్లెక్కాడు.

కరెంటు పోయింది. లిఫ్టు నడిమధ్య ఆగింది. కాసేపటికి మోటారు కూడా ఆగింది.

రత్నం గొట్టాన్ని మూసే బిగింపు వేసింది. నా మీది క్యారేజీ లాగి పారేసింది. పులిహోర లిఫ్టంతా పడింది. నెత్తురు తిరిగే గిన్నెని మోటారు మీంచి తీసి నా ఒళ్ళో కూర్చోబెట్టి, తిప్పడం మొదలెట్టి, జోరందుకున్నాక బిగింపు తీసింది.

"ఏటమ్మా, నుయ్యి తోడినట్టు తిప్పుతున్నారు?" అన్నాడు అప్పలకొండ, సెల్లు లైటు పట్టుకుని.

"తోడడం ఆపితే నెత్తురు వెనక్కి పోతుంది. మాట్లాడకు, లైటు సరిగా పట్టు."

ఆవిడ భుజం పట్టేసింది. నేను మెత్తబడలేదు. మత్తులో ఉన్న సూరిబాబు మొహం తెల్లబడుతోంది.

"ఇటియ్యండమ్మా. నాను తిప్పుతాను."

"ఆపి ఇవ్వకూడదు. నా చేతి మీద చెయ్యి వెయ్యి. నాతో తిప్పు. ఆ, అలాగే." తన చెయ్యి కింద నుంచి మెల్లగా తీసేసింది. నేను ఒక్క చుట్టు తప్పలేదు.

మళ్ళీ ఆవిడ, మళ్ళీ అతను. చెయ్యి మీద చెయ్యి. లిఫ్టు కదిలి పైకి చేరి, ప్లగ్గు గోడకి తగిలి, మోటారు అందుకునే దాకా.

సూరిబాబు గుండె నెమ్మదిగా బలం పుంజుకుంది. గొట్టాలు తీశారు. ఇంటికెళ్ళే రోజు నన్ను చూపించమన్నాడు.

"ఇంతేనా," అన్నాడు పట్టుకుని. "మాకూ బస్సు ఆగిపోతే పాసింజర్లు దిగి తోస్తారులే."

"మీరు మధ్యలో దిగలేదండి. అదే మాకు సాయం," అంది రత్నం.

మరుసటి దసరాకి కొండ బల్బులు తెచ్చాడు. రత్నం అతని మొహంలోకి చూసింది.

"తెల్సమ్మా. ఆ ప్లగ్గు ముట్టుకోను," అని, మొదటి బొట్టు నాకు పెట్టాడు. క్యారేజీకి ఇప్పుడు గోడకి మేకు ఉంది.

నాకు పని పడకపోవడమే మీకు మేలు. పడిందా, మీ చేతులు మారనివ్వండి. నేను మాత్రం ఆగకూడదు.