నైరుతి మూల గెడ్డ

నేను ఒక బల్లమీది ఊరిని. కట్టబోయే ఇళ్ళు ఎలా ఉంటాయో కొనేవాళ్ళకు ముందే చూపించడానికి అట్టతో, స్పాంజితో, జిగురుతో చేసిన నమూనాను. నా చెట్లు ఆకు రాల్చవు. నా వీధుల్లో ట్యాంకరు కోసం ఎవరూ బిందెలు వరసపెట్టరు. నా మనుషులు అగ్గిపుల్ల తలంత ఉంటారు కాబట్టి పార్కింగు గొడవలు కూడా లేవు. విశాఖపట్నం చుట్టుపక్కల ఇంత సుఖమైన ఊరు ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం.

నన్ను చేసింది భానోజీ. సర్వే పటం ముందు పెట్టుకుని, అట్ట మీద అట్ట అంటించి పడమట కొండను లేపాడు. అక్కడినుంచి నేల ఎలా వాలుతుందో నన్నూ అలాగే వాల్చాడు. మూడు బ్లాకుల ఇళ్ళు నిలబెట్టి, కొండనీళ్ళు పోయే దారిలో, నైరుతి మూలన, నీలం ప్లాస్టిక్ పట్టీ అతికించాడు. అది గెడ్డ. వాగును మావైపు అలాగే అంటారు.

స్థలం బిల్డరు సన్యాసినాయుడుది. ఆయన నా చుట్టూ తిరిగి, కొండను మెచ్చుకుని, చెట్లను తడిమి, గెడ్డ దగ్గర ఆగిపోయాడు.

"నైరుతిలో నీళ్ళంటే ఎవుడు కొంటాడు భానోజీ? ఈశాన్యంలోకి మార్చీ."

మార్చడానికి టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. నీలం పట్టీ ఊడదీసి అవతలి మూల అతికించారు. వాస్తు కుదిరింది. ఖాళీ అయిన మూల బోసిగా ఉందని అక్కడ డి బ్లాకు లేపారు. నేల వాలు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అట్టలన్నీ మళ్ళీ కొయ్యాలి కదా! నేనూ నోరెత్తలేదు. నిజం చెప్పాలంటే కొత్త గాజులు తొడిగినట్టు మురిసిపోయాను. చివర్లో భానోజీకి ఏం తోచిందో, డి బ్లాకు రెండో అంతస్తు బాల్కనీలో ఇద్దరు మనుషుల్ని పక్కపక్కన నిలబెట్టాడు.

నన్ను నాయుడు ఆఫీసులో గాజు పెట్టెలో ఉంచారు. వచ్చినవాళ్ళంతా ముందు లిఫ్టు గురించి, తర్వాత తూర్పు గుమ్మం గురించి అడిగేవాళ్ళు. అన్నీ అయ్యాక వంగి, గోరంత కిటికీ మీద వేలు పెట్టి, "ఇది మనది" అనుకునేవాళ్ళు. ఆ వేలు వెనక్కి తియ్యబుద్ధయ్యేది కాదు వాళ్ళకి. అది నాకు భలే ఇష్టం.

అలా వంగినవాళ్ళలో వినీల, పైడిరాజు ఉన్నారు. పెళ్ళైన కొత్త. ఒంటిగది పోర్షన్లో కాపురం. స్టవ్ వెలిగిస్తే మంచం వేడెక్కుతుందని చెబుతూ ఆమె తానే పకపకా నవ్వింది. అంతలో బాల్కనీలో ఇద్దరు ఆమె కంటపడ్డారు.

"బావా, మనం ముందే దిగిపోయాం చూడు."

నాయుడు అక్కడ ఎర్ర గుండుసూది గుచ్చాడు. వాళ్ళ మొదటి ఇల్లు ఖాయమైంది.

మొదటి వానకు ఇద్దరూ ఒక్క రెయిన్‌కోటు కప్పుకుని, బండి మీద స్థలం చూడ్డానికి వెళ్ళారు. తమ వంటిల్లు ఎక్కడొస్తుందో చూసుకోవాలని సరదా. అక్కడ బ్లాకుల మూలలకు ఎర్ర రిబ్బను కట్టిన మేకులు పాతి ఉన్నాయి. మర్నాడు వినీల ఆఫీసుకొచ్చి, ఆ మేకుల్లో ఒకటి తెచ్చి నా గాజు పెట్టె మీద పెట్టింది.

"ఇది మా వంటింటి మూలండీ. కింద వంతెన దగ్గర తుప్పల్లో దొరికింది. మా హాల్లోంచి గెడ్డ పోతోంది."

నాయుడు నవ్వబోయి మానేశాడు. పైపులేసి ఈశాన్యానికి తిప్పేస్తానన్నాడు.

"నిన్న తిరగలేదండీ" అంది వినీల.

నాయుడు కుర్చీలో కూలబడ్డాడు. "అయితే డి బ్లాకు తీసీమంటావా అమ్మా? ఇన్ని కుటుంబాలు ఎటెళ్తాయి? కొండ తొలిచి రేకులేసుకుంటారు. అప్పుడు కొండా పోతాది, గెడ్డా పోతాది."

అదీ నిజమే. పైడిరాజు ఎర్ర గుండుసూది వైపే చూస్తున్నాడు. వినీల గాజు తలుపు తీసి తన బాల్కనీని ముట్టుకుంది. వానగాలికి జిగురు వదిలిందేమో, డి బ్లాకు మొత్తం ఆమె చేతిలోకి ఊడి వచ్చింది. ఎక్కడ పెట్టాలో తెలియక పక్కనున్న సి బ్లాకు నెత్తిన పెట్టింది.

ముగ్గురూ దాన్నే చూశారు.

"పడిపోదు కదా?" అన్నాడు పైడిరాజు.

ఆ మాటే నాయుడు తన ఇంజనీరును అడిగాడు. మూడు బ్లాకుల కిందా గట్టి రాయి ఉంది కాబట్టి మోస్తుందన్నాడాయన. నన్ను ఆటోలో పట్టణ ప్రణాళిక ఆఫీసుకు తీసుకెళ్ళారు. అక్కడి మేడం కొండ మీదినుంచి వేలు జార్చింది. వేలు దానంతట అదే నైరుతికి వెళ్ళింది. నీలం పట్టీని మునుపున్న చోటికే తెమ్మంది, గెడ్డకు రెండు పక్కలా చారెడు మన్ను కూడా కదపొద్దంది. వదులుకున్న ఇళ్ళకు బదులు తక్కిన బ్లాకుల మీద అంతస్తులు పెంచుకోవచ్చంది. భానోజీ డి బ్లాకును ముక్కలుగా కోసి తక్కిన మూడింటి నెత్తినా పంచాడు. బ్లాకుల నడుమ అనుకున్న ఈతకొలను, ఖర్చు పెరిగి, ఎగిరిపోయింది. బాల్కనీలో జంట మాత్రం, తమ ముక్కతో సహా, సి బ్లాకు కొసకు చేరింది. వినీల వాళ్ళు ఒంటిగదిలో ఇంకో రెండు వానాకాలాలు వేడి మంచం మీదే గడిపారు.

నాయుడుకు వాస్తు బెంగ మాత్రం పోలేదు. దానికీ వినీలే మందు చెప్పింది.

"నైరుతిలో నీళ్ళు అనకండి. బాల్కనీ ఎదురుగా గెడ్డ అనండి."

ఆ వైపు ఇళ్ళే ముందు అమ్ముడయ్యాయి. దిక్కులకు భయపడే మనిషి బాల్కనీకి పడిపోతాడని నాకప్పుడు తెలిసింది.

ఇళ్ళన్నీ అమ్ముడయ్యాక నాతో ఎవరికి పని? సి బ్లాకు మెట్ల కింద, కాలు విరిగిన కుర్చీల పక్కన పెట్టారు. గాజు పగిలింది. స్పాంజి చెట్లను ఎలుకలు కొరికాయి. మొత్తానికి నా చెట్లూ ఆకు రాల్చాయి.

నిన్న పెద్ద వాన. పైనుంచి పకోడీల వాసన, ఎవరో రేడియో, వినీల నవ్వు. బయట గెడ్డ హోరుమంటోంది. మెట్ల కింది వెంటిలేటర్లోంచి చినుకొకటి జారి నా కొండ మీద పడింది. నా బతుకులో నిజం నీళ్ళు తగలడం అదే మొదలు. ఒళ్ళంతా జలదరించింది. చినుకు కొండ దిగి, సి బ్లాకు ముందు కాసేపు ఆగి, ఈశాన్యం కేసి చూడనైనా చూడకుండా, నైరుతి మూలన నీలం పట్టీ మీద చక్కా పోయింది.