వీపులు గుర్తుపెట్టుకునే మనిషి

మక్‌సున్ బల్ల మీద బకెట్టెడు వేడినీళ్లు గుమ్మరించి, అరచేత్తో రెండు దెబ్బలు చరిచింది. వచ్చి పడుకోమని దాని అర్థం. ఇరవై తొమ్మిదేళ్లుగా మసాన్ అనే రేవుపట్నంలో, ఊరందరూ వచ్చే ఆ స్నానశాలలో ఆడవాళ్ల ఒళ్లు రుద్దడం ఆమె పని. మామూలుగా ఈ వేళకి నలుగురైదుగురు తమ వంతు కోసం చూస్తుండేవాళ్లు. ఇవాళ ఆ చప్పుడుకి ఎవరూ లేచి రాలేదు.

మక్‌సున్ పొట్టి మనిషి. భుజాల మీదే తల పెట్టినట్టుంటుంది. చేతులు మాత్రం ఓడరేవులో మూటలు మోసేవాడివి. వేళ్ల చివర్లు నీళ్లలో నాని నాని నున్నగా అరిగిపోయాయి.

యజమానురాలు గిల్ ఫోను పట్టుకుని వచ్చింది. "చూడక్కా, ఇంకోటి పెట్టింది ఆ మహాతల్లి."

ఫోనులో ఒక బొమ్మ, ఎవరో పేరు చెప్పకుండా నెట్‌లో వరసగా పెడుతున్నవాటిలో కొత్తది. పిండిముద్ద లాంటి అమ్మాయి తొట్టిలో కాలు పెట్టగానే నీళ్లన్నీ పొర్లిపోయాయి. మిగతా ఆడవాళ్లు ఒడ్డున పడ్డ చేపల్లా కొట్టుకుంటున్నారు. మూల బల్ల దగ్గర ఒళ్లు రుద్దే పిన్ని, పుల్లల్లాంటి చేతులతో. గోడకి నీలం టైల్స్, వాటి మీద ముక్కు విరిగిన కొంగ బొమ్మ. ఏ స్నానశాలో ఊళ్లో అందరికీ తెలిసిపోయింది. వేలమంది నవ్వారు. రేపు తమనీ ఇలాగే గీస్తారని ఊళ్లో ఆడవాళ్లు రావడం మానేశారు.

"దొరికితే జుట్టు పట్టుకుని ఈడుస్తా. ఈ వారమూ ఇలాగే ఉంటే ఆడవాళ్ల వైపు మూసెయ్యడమే. నీకెలా చెప్పాలో తెలీక..."

"చెప్పేశావుగా," అంది మక్‌సున్.

పొద్దున పది దాటాక హ్యేరిమ్ వచ్చింది. పాతికేళ్లుంటాయి. జనం లేని వేళ చూసుకుని, మూల షవరు కింద ఒళ్లు తడుపుకుని వెళ్లిపోయే పిల్ల. బల్ల దగ్గరికి రావడం ఇదే మొదలు.

"తువ్వాలు తియ్యకుండా రుద్దుతారా పిన్నీ?"

"బస్తా విప్పకుండా బియ్యం కడుగుతారా?"

"బస్తానే పిన్నీ. మీకు రెండు పూటలు పడుతుంది." ఎవరూ నవ్వకముందే తనే నవ్వేసి, తువ్వాలు వదిలి బోర్లా పడుకుంది.

మక్‌సున్ చెయ్యి ఆగిపోయింది. ఎడమ భుజం మీద వరసగా మూడు పుట్టుమచ్చలు. ఇందాక ఫోనులో చూసిన పిండిముద్ద భుజం మీదా అవే మూడు.

ఒక్క కేక వేస్తే గిల్ పరిగెత్తుకొస్తుంది. ఈ వారమే అంతా సర్దుకుంటుంది. కానీ మక్‌సున్‌కి నోరు రాలేదు. ఇన్ని రోజులుగా ఊరిని నవ్వించిన పిల్ల ఎవరినీ వెక్కిరించలేదు. అంత పదునైన కత్తిని తన ఒంటి మీదకే తిప్పుకుంది.

గరుకు పచ్చ తొడుగు చేతికి వేసుకుని రుద్దడం మొదలుపెట్టింది. "నా చేతులు అంత సన్నగా గీశావేం?"

హ్యేరిమ్ వీపు బిగుసుకుపోయింది. "మీకెలా..."

"మొహాలైతే మర్చిపోతా. వీపులు మర్చిపోను."

హ్యేరిమ్ మొహం బల్లకి ఆనించింది. "వాళ్లు అనకముందే నేనే అనేస్తే నొప్పుండదనుకున్నా పిన్నీ."

"లేదా మరి?"

మక్‌సున్ ఆమె నడుం మీద తట్టింది. తిరగమని. వెల్లకిలా తిరిగిన అమ్మాయి రెండు చేతులూ పొట్ట మీద కప్పుకుంది. మక్‌సున్ వాటిని గిన్నె మీద మూతల్లా తీసి పక్కన పెట్టింది. నడుం నుంచి తొడల దాకా తెల్లటి చారలు, ఇసుక మీద అల వదిలి వెళ్లిన గీతల్లా. వేల ఒళ్లు చూసిన మనిషి. ఒకరి చారలు ఇంకొకరి వాటితో ఎప్పుడూ కలవలేదు. ఇన్నేళ్లయినా చూసిన ప్రతిసారీ ఆమెకి ఊపిరి ఒక్క క్షణం నిలుస్తుంది.

"ఎప్పుడొచ్చాయి?"

"పన్నెండేళ్లకి."

"ఒక్కసారే జానెడు పెరిగుంటావు. పాపం చర్మం వెనకాలే పరిగెత్తి పరిగెత్తి అందుకుంది." ఒక చార వెంట వేలు నడిపింది. "నవ్వించడం మానకు. అది నీకొచ్చు. కాకపోతే చూసింది చూసినట్టు గియ్యి."

వెచ్చటి నేల ఉన్న విశ్రాంతి గదిలో కూర్చుని హ్యేరిమ్ గంటసేపు ఫోనులో గీసి, నెట్‌లో పెట్టింది. బల్ల మీద పిండిముద్ద. పక్కన దేవదారు మానుల్లాంటి చేతులతో పిన్ని, ఒక్కో చారనీ పలకరిస్తోంది. "నువ్వు పన్నెండేళ్లప్పటి దానివా? అబ్బో, భలే పరిగెత్తావే."

జనం మళ్లీ నవ్వారు. ఈసారి నవ్వి ఊరుకోలేదు. "నాది కవలల్ని మోసిన పొట్ట, పిన్ని ఏమంటుందో," అని ఒకావిడ రాసింది. "నా ఆపరేషన్ మచ్చని కూడా పలకరించమనండి," అని ఇంకొకావిడ. మధ్యాహ్నానికి గిల్ ఫోను మోగడం మొదలైంది. "తెరిచే ఉందండీ, రండి," అంటూనే ఏం జరిగిందో అర్థంకాక బిత్తరపోయి చూస్తోంది.

మక్‌సున్ వేడి గోడకి వీపు ఆనించి పీట మీద కూర్చుని హ్యేరిమ్ చూపించిన బొమ్మ చూసింది.

"ఆఁ. ఇవీ నా చేతులు." ఫోను తిరిగిచ్చింది. "కాసేపు కూర్చుంటా. ఎవరన్నా వస్తే పిలువు."

మూడింటికి ముగ్గురు వచ్చారు. "అక్కా, లే, ముగ్గురున్నారు," అని గిల్ పిలిచింది. హ్యేరిమ్ దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది. మక్‌సున్ తల గోడకి ఒరిగి ఉంది. ఛాతీ కదలడం లేదు. అరచేతులు రెండూ ఒళ్లో వెల్లకిలా ఉన్నాయి. కుళాయి నీళ్లు ఆమె పాదాల మీదుగా పోతున్నాయి. గిల్ కుళాయి కట్టేసింది. వచ్చిన ముగ్గురూ తువ్వాళ్లు లేకుండా, ఒళ్లు దాచుకోవాలన్న ధ్యాస లేకుండా, అలాగే నిలబడి తలలు వంచారు.

బల్ల పక్క కొక్కేనికి ఆమె రుద్దే పచ్చ తొడుగు వేలాడుతోంది. ఇంకా తడి ఆరలేదు. లోపల చెయ్యి లేకపోయినా, పెద్ద అరచెయ్యి ఒకటి పట్టేంత ఉబ్బుగా, అలాగే ఉంది.